సిపాయి దవడపన్ను

అనగనగా ఒక ఊరు. ఊరంటే మరీ పెద్ద ఊరనుకునేవు, కొండ కింద పన్నెండిళ్ళు, ఇంటికో గొర్రెల దొడ్డి, అంతే. బుగ్గలో ఆ పటికబెల్లం కటకటలాడించకుండా వింటానంటేనే చెప్తాను. సరే, చప్పరించు. కొరికావంటే కథ ఆపేస్తాను.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు బీరప్ప. వాళ్ళకి నలభై గొర్రెలు, ఒక కుక్క. కుక్క పేరు సిపాయి. అది కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే, సుంకమ్మే గొర్రెపాలలో గుడ్డ ముంచి దాని నోట్లో పిండి పెంచింది. పెద్దయ్యాక అది తోడేలుని మూడుసార్లు తరిమింది. ఒక్క గొర్రెపిల్లని కూడా పోనివ్వలేదు. సుంకమ్మకి అదంటే ప్రాణం.

వాళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఏడాదికి రెండుసార్లు, గొర్రెలకి ఉన్ని కత్తిరించే రోజున పొట్టేలుని కోసి విందు చేసుకుంటారు. ఆ విందులో అందరికంటే ముందు కాపలా కుక్కకి తొడ ఎముక వెయ్యాలి. కుక్క నోట పెట్టాకే మనుషులు విస్తళ్ళ ముందు కూర్చోవాలి.

అందరూ అప్పటికప్పుడు తీసిన ఎముక వేసేవాళ్ళు. మన సుంకమ్మకి అది చాల్లేదు. కిందటి విందునాటి ఎముకని ఉట్టిలో పెట్టి, పొయ్యి పొగలో ఆరు నెలలు ఆరబెట్టేది. అది రాయిలా అయ్యేది. "గట్టి బొమిక కొరికితేనే పండ్లు గట్టిపడేది" అనేది. ఎవరు చెప్పారో ఏమో! మనసులో ఒకటి అనుకున్నాక ఆవిడ ఎవరి మాటా వినే రకం కాదు.

ఆసారి కూడా వేసింది. సిపాయి దాన్ని ముందుకాళ్ళ మధ్య ఇరికించుకుని కొరికింది. టక్కుమని చప్పుడైంది.

"సూస్తిరా! బొమిక ఇరగ్గొట్టె నా కొడుకు!" అని సుంకమ్మ పొంగిపోయింది.

కానీ విరిగింది ఎముక కాదు. ఆ సంగతి ఆవిడకి తెలియదు, సిపాయి చెప్పలేదు. కుక్కలంతే, నొప్పిని దాచుకుంటాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సిపాయి సంకటి ముద్ద వాసన చూసి వదిలేసింది. ఆ తర్వాత కుడి కంటి కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. ముల్లు గుచ్చుకుందేమోనని సుంకమ్మ పసుపు రాసింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే, దాహంతో తొట్టి దగ్గరికి వచ్చి, చల్లటి నీళ్ళలో మూతి పెట్టి, కుయ్యోమని వెనక్కి దూకింది. నోటి వెంట చొంగ కారుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడే రేవణ్ణ అటు వచ్చాడు. ఆయన బీరప్పకి చిన్నాన్న, ఆ పన్నెండిళ్ళకీ పెద్ద. చూశాడు. చూసి, ఉన్నచోటే నిలబడిపోయాడు.

"సుంకమ్మా, దూరం జరుగు! నీళ్ళు జూసి దూకినాది. సొల్లు కారుతాంది. దీనికి పిచ్చి పట్టినాది."

"లేదు మామా, ముల్లు గుచ్చుకున్నాది, అంతే."

"నా తమ్మునప్పుడూ ఇట్లే అనుకుంటిమి" అన్నాడు రేవణ్ణ.

ఆయన్ని తిట్టుకోకు తల్లీ. ఆయన తమ్ముణ్ణి చిన్నప్పుడు పిచ్చికుక్క కరిచింది. ఆ పిల్లాడు పోయిన తీరు ఆయన కళ్ళారా చూశాడు. ఇప్పుడు ఊళ్ళో తొమ్మిదిమంది పిల్లలున్నారు. ఆయన భయం ఆయనది.

నిజం చెప్పాలంటే సుంకమ్మకీ భయం వేసింది. అయినా పొడుగాటి తాడుతో ఉచ్చు వేసి, దూరం నుంచే సిపాయిని దొడ్డి మూలన గుంజకి కట్టేసింది. బీరప్ప సైకిలెక్కి పశువుల డాక్టరు కోసం పట్నానికి పరుగెత్తాడు. పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట.

"పొద్దు కొండని తాకేదాక సూస్తా" అన్నాడు రేవణ్ణ. "ఆలోగా బీరప్పతో డాక్టరు రాకుంటే నన్నేమీ అనొద్దు."

సుంకమ్మ దొడ్డి వాకిలికి అడ్డంగా కూర్చుంది. కాసేపటికి రేవణ్ణ వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఊరికే చూసి పోయాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో దుడ్డుకర్ర ఉంది, వెంట ఇద్దరున్నారు. ఎండని చేత్తో అడ్డుకుని ఆకాశంలోకి చూసి వెళ్ళారు. మూడోసారి వస్తే ఇక చూసి వెళ్ళిపోరని సుంకమ్మకి తెలుసు.

ఏం తోచక దొడ్డంతా కలయజూసింది. అప్పుడు గడ్డివాము పక్కన, ఆ విందునాటి ఎముక కనిపించింది. విరగలేదు! ఎక్కడా బీట కూడా లేదు. మరి ఆ రోజు టక్కుమన్నది ఏంటి?

ఎముకని తిప్పి చూసింది. సందులో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది, కొబ్బరి పెచ్చులాగా. పుల్లతో ఊడదీసింది. ఒక పక్క నున్నగా, ఒక పక్క పదునుగా ఉంది. పన్ను ముక్క.

సుంకమ్మకి అప్పుడు అర్థమైంది. ముల్లూ కాదు, పిచ్చీ కాదేమో. ఆరు నెలలు తను ముద్దుగా ఆరబెట్టిన ఎముకే దాని పన్ను పగలగొట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతసేపని ఏడుస్తుంది? పొద్దు వాలుతోంది.

అప్పుడు లేచి గంజి కాచింది. గోరువెచ్చగా అయ్యాక చట్టిలో పోసి, కొమ్మలు దించే దోటికర్రతో సిపాయి ముందుకి నెట్టింది. సిపాయి వాసన చూసింది. తల ఎడమ పక్కకి వాల్చి, కుడి పక్క తగలకుండా, మెల్లగా గతకడం మొదలుపెట్టింది.

వెనకాల అలికిడైంది. రేవణ్ణ, కర్రలతో నలుగురు. పొద్దు కొండ అంచు మీద ఉంది.

"జరుగు."

"జరగను మామా. దీని పన్ను ఇరిగినాది. ఇదో, ముక్క. ఇరగ్గొట్టింది నేనే. సన్నీళ్ళు తగిలితే జివ్వుమని దూకినాది గానీ భయపడి కాదు. ఎచ్చని గంజి తాగుతాంది, సూడు."

"గంజి తాగితే పిచ్చి లేనట్లేనా?"

రేవణ్ణ అన్నదీ నిజమే. గంజి తాగినంత మాత్రాన పిచ్చి లేదని ఎవరు చెప్పగలరు? సుంకమ్మ కదలకుండా నిలబడింది, అంతే.

"తప్పు నాది మామా. నా తప్పుకి దాన్ని సంపొద్దు."

రేవణ్ణ కర్ర ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. సిపాయి చట్టి అడుగు నాకుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. అప్పుడు, సగం పొద్దు కొండ వెనక్కి దిగాక, బండి చప్పుడు వినిపించింది.

డాక్టరమ్మ బండి దిగింది, వెనక బీరప్ప దిగాడు. ఆవిడ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, సిపాయి మూతికి పట్టీ బిగించి, సూది వేసి నిద్రపుచ్చింది. ఆ తర్వాత పట్టీ తీసి, పెదవి ఎత్తి, లైటు వేసి చూసింది.

"పై దవడపన్ను నిలువునా చీలిపోయింది. లోపల నరం బయటపడింది. వేరు దగ్గర చీము పట్టి కంటి కిందకి ఎక్కింది" అంది. "పిచ్చికి టీకా నేనే వేశాను, భయంలో మీరు మరిచిపోయినట్టున్నారు. అయినా పెద్దాయన భయం ఊరికే పోనివ్వను. పది రోజులు కట్టేసే ఉంచండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి."

ఆ తర్వాత పన్ను పీకింది. గిన్నెలో పడ్డప్పుడు ఠంగుమంది. వెళ్ళేముందు సుంకమ్మకి ఒక మాట చెప్పింది. "కుక్క పళ్ళు రాళ్ళు కావమ్మా. ఏది వేసినా ముందు నీ బొటనవేలి గోరుతో నొక్కి చూడు. గోరు దిగకపోతే వెయ్యకు."

పది రోజులు గడిచాక కట్టు విప్పారు. సిపాయి సంకటి తింది, తోక ఊపింది, దొడ్డి చుట్టూ తిరిగింది. సుంకమ్మ ఉట్టిలో ఉన్న ఎముకలన్నీ దించి, మోకాలి లోతు గొయ్యి తవ్వి పూడ్చిపెట్టింది. ఆ పన్ను ముక్కని మాత్రం కొంగుకి ముడేసుకుంది. నాకంతా తెలుసు అనిపించినప్పుడల్లా ఆ ముడి తడుముకునేది.

మళ్ళీ ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. పొట్టేలుని కోశారు. ముందు కుక్క నోట పెట్టాలి కదా! ఎవరో తొడ ఎముక తెచ్చారు. రేవణ్ణ దాన్ని అందుకుని, బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కాడు. గోరు దిగలేదు. దూరంగా విసిరేశాడు. మెత్తగా ఉడికిన కూర ముక్కలు ఒక్కొక్కటీ గోరుతో నొక్కి చూసి, తన విస్తట్లోనే పెట్టి, సిపాయి ముందు గొంతుకూర్చున్నాడు.

"తిను సిపాయీ" అన్నాడు. "నువ్వు తింటేనే మేం తినేది."

సిపాయి ఎడమ పక్కన నములుతూ తింది. అది విస్తరి నాకేదాకా ఊరంతా ఆకలితో ఆగింది.

అదీ కథ. విను తల్లీ, చొంగ కారే కుక్క దగ్గరికి నువ్వు మాత్రం ఎప్పుడూ వెళ్ళకు, పెద్దవాళ్ళని పిలువు. ఏదీ, నోరు తెరువు. ఆ పటికబెల్లం ఇంకా ఉందా? ఏంటి, గోరుతో నొక్కి చూస్తున్నావా? దిగలేదు కదూ! ఇలా నా చేతిలో పెట్టు. మా తల్లే. పోయి పుక్కిలించి రా.

కథ పోయె కంచికి,
మనమొస్తిమి ఇంటికి,
ఎముకేమో మంటికి,
నిద్దరేమో కంటికి.