మూడో రాయి మీద మనిషి

ఆ ఊరి జట్టులో ఒకడు ఏడాది పొడుగునా నలభై ఒక్కసార్లు మూడో రాయి దాకా వచ్చాడు. ఒక్కసారీ ఇల్లు చేరలేదు.

ఆట పేరు బేస్‌బాల్. బయటివాళ్ళెవరో నేర్పి పోతే ఊరివాళ్ళు నాలుగు రాళ్ళు పాతుకుని తమ పద్ధతిలో ఆడుకుంటున్నారు. ఇంటి రాయి దగ్గర నిలబడి బంతిని కొట్టాలి, మూడు రాళ్ళు చుట్టి మళ్ళీ ఇంటి రాయి తాకాలి. అప్పుడు ఒక పరుగు. మధ్యలో ఆగిపోయినవాడు, వెనక వచ్చినవాడు బంతి కొడితేనే కదిలేది. అంతవరకూ ఎంత చురుకైనవాడైనా నిలబడి చూడవలసిందే. ఇంకో నియమం ఊరివాళ్ళే చేర్చుకున్నారు. వెనకవాడు ముందువాణ్ణి దాటిపోతే ఇద్దరూ అవుటే.

ఊరిపెద్దకు పరుగుల పుస్తకం మీద మహా గురి. ఏడాది చివర ఎవరి వరసలో సున్నా ఉంటే వాణ్ణి జట్టులోంచి తీసేస్తాడు. సున్నా ఎందుకయిందని అడగడు. మూడో రాయి మనిషికి ఆ ఆట తప్ప వేరే సంతోషం లేదు. ఇంకొక్క ఆటే మిగిలింది.

అతని వెనక ఎప్పుడూ వచ్చేది పొడుగువాడు. ఏడాదిలో ముప్పై తొమ్మిదిసార్లు బంతిని మైదానం చివరి గోడ దాటించాడు. గోడ దాటిన బంతిని ఎవరూ తేలేరు కాబట్టి తీరిగ్గా నడిచి ఇల్లు చేరవచ్చు. ఊళ్ళో కుర్రకారు అతనిలాగే భుజాలు ఎగరేస్తూ నడిచేవారు.

పుస్తకం రాసేది ఒక సన్నపాటి ఆవిడ. ఆఖరి ఆటకు ముందు రోజు వరసలు సరిచూస్తుంటే ఒక సంగతి ఆవిడ కంటపడింది. ఆ ముప్పై తొమ్మిదిసార్లూ రాళ్ళు ఖాళీ. రాయి మీద మనిషి ఉండగా పొడుగువాడు ఒక్క బంతినీ దాటించలేదు.

ఇది ఊళ్ళో తెలిస్తే పొడుగువాడికి అసూయ అని తేల్చేసేవారు. ఆవిడ నేరుగా వెళ్ళి పొడుగువాణ్ణే అడిగింది.

"రాళ్ళు ఖాళీగా ఉంటే, గురి తప్పినా నా ఒక్కడికే నష్టం అక్కా," అన్నాడతను తల దించుకుని. "అతను అక్కడ నిలబడి నా చేతులకేసి చూస్తుంటే, ఈ చేతులు నా మాట వినవు."

ఆవిడ ఆ మాట మూడో రాయి మనిషికి చెప్పింది. అతనికి ఒళ్ళు మండింది.

"అయితే తప్పు నాదంటావా? నలభై ఒక్కసార్లు ఎండలో నిలబడింది నేను."

"తప్పని ఎవరన్నారు తమ్ముడూ? ఈసారికి చూడకు, అంతే."

"చూడకపోతే ఎప్పుడు కదలాలో ఎలా తెలుస్తుంది?"

ఆవిడ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొరుగూరి జట్టుతో ఆట. చివరి వంతు వచ్చేసరికి ఊరి జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఒకడు అప్పటికే అవుట్. ఇంకో ఇద్దరు అవుటైతే ఆట ముగిసినట్టే. మూడో రాయి మనిషి ఎప్పటిలాగే మూడో రాయి దాకా వచ్చి ఆగాడు. పొడుగువాడు కర్ర పట్టుకుని వచ్చాడు. కర్ర చివర వణుకుతూ ఉంది.

అప్పుడు రాయి మీది మనిషి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. జనం విస్తుపోయారు. "వీడికి మతి పోయిందా?" అన్నాడు ఊరిపెద్ద. పొడుగువాడు ఆ వీపును కాసేపు చూశాడు. కర్ర వణకడం ఆగింది.

దెబ్బ వినపడింది. ఆ వెంటనే జనం కేకలు. కానీ బంతి చేతికి చిక్కినప్పుడు పొరుగూరివాళ్ళు కూడా అలాగే కేకలు వేస్తారు. నలభై ఒక్కసార్లు తల తిప్పి చూసిన మనిషికి ఇంకోసారి చూసే ధైర్యం లేకపోయింది. కళ్ళు మూసుకుని రాయి మీదే ఉండిపోయాడు.

బంతి గోడ దాటింది. పొడుగువాడు బంతి పోయిన దిక్కే చూస్తూ, జనానికి చెయ్యి ఊపుతూ ఒక రాయి దాటాడు, రెండో రాయీ దాటాడు. మూడో రాయి మీద ఎవరైనా ఉన్నారన్న ధ్యాసే లేదు. పుస్తకం రాసే ఆవిడ లేచి నిలబడింది. ఆట సాగుతుండగా పుస్తకం రాసేవాళ్ళు నోరు విప్పకూడదు. ఆవిడ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో పది అడుగులు. అయిదు. రెండు.

ఎందుకో పొడుగువాడు తల దించాడు. ఎదురుగా ఆ వీపు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. జానెడు దూరంలో ఆగి, ఆయాసపడుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పద అన్నా, ఇంటికెళదాం."

ఇద్దరూ నడిచారు. ముందు మూడో రాయి మనిషి, ఒక్క అడుగు వెనక పొడుగువాడు. జట్టు గెలిచింది. ఊరి జనం సంతోషం పట్టలేక ఏడ్చినంత పని చేశారు.

ఊరిపెద్ద పుస్తకం తెప్పించుకున్నాడు. పొడుగువాడి వరసలో నలభై, దాని పైన మూడో రాయి మనిషి వరసలో సున్నా పోయి ఒకటి. రెంటికీ మధ్య ఉండవలసిన గీత లేదు. ఆవిడ బొటనవేలు సిరా అంటి నల్లగా ఉంది.

"గీత చెరిపేశావేం? ఇద్దరి పరుగులూ కలిసిపోయాయి, ఇప్పుడు ఏది ఎవరిదని చెప్పను?" అన్నాడు ఊరిపెద్ద.

ఆవిడ కలం తీసి ఆయన చేతికిచ్చింది. "నాకు కనపడలేదయ్యా. మీకు కనపడితే మీరే గీయండి."

సాయంత్రం దాకా ఆయన ఆ కలం పట్టుకుని కూర్చున్నాడు.