నూకాలు పీట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఆసుపత్రి. ఎంత పెద్దదంటే, ఈ చివర దగ్గితే ఆ చివర మర్నాడు వినిపించేది. అందులో క్యాన్సరొచ్చిన పసిపిల్లల వార్డు ఒకటి. పొద్దున్నే సముద్రపు మంచు కిటికీల్లోంచి వచ్చి మంచాల మధ్య తిరిగేది. జుట్టు రాలిన చిన్న తలలు ఆ మంచులో చందమామల్లా తేలేవి.

ఆ వార్డు ఊడ్చే మనిషి నూకాలు. ఒక చేత చీపురు, ఒక చేత చిన్న చెక్కపీట.

ఒకనాడు మూడేళ్ల బంగారిని ఎత్తుకుని తల్లి పైడమ్మ వచ్చింది. వెనక అత్తగారు, మొగుడు అప్పన్న.

"కడుపుతో ఉండి గ్రహణం నాడు తింది. అదే బిడ్డకి చుట్టుకుంది," అంది అత్త.

పైడమ్మ నమ్మింది. తను పస్తుంటే ఆ పాపం కరుగుతుందనుకుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని, నోరు కట్టుకుని కూర్చుంది.

మొదటిరోజు నూకాలు అడిగింది: "తిన్నావేటమ్మా?" పైడమ్మ తల అడ్డంగా ఊపింది.

రెండోరోజు అడిగింది: "తిన్నావేటమ్మా?" పైడమ్మ బిడ్డ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

మూడోరోజు అడిగేలోపే పైడమ్మ నేలకొరిగింది. తల్లి చెయ్యి జారగానే బంగారి గుక్కపట్టింది. నర్సు పోసిన మందు ఉమ్మేసింది.

నూకాలు మంచం పక్కన పీట వేసింది. వరండాలో బీడీ కాలుస్తున్న అప్పన్నని పిలిచింది.

"రా బావూ, కూకో. బిడ్డ చెయ్యి పట్టుకో."

"అది ఆడోళ్ల పని గదా?"

"నీకు చేతుల్లేవేటి?"

అత్త అడ్డొచ్చింది. "గ్రహణం నాడు తిన్నది అది! నా కొడుకేటి చేసేడు?"

"ఆ గ్రహణం నాడు మీ అబ్బాయి ఏటి తిన్నాడమ్మా?"

వార్డంతా చెవులు రిక్కించింది.

"చేపల పులుసు," అన్నాడు అప్పన్న, మెల్లగా.

"మరి నిన్నెవులూ అడగనేదే! కూకో."

అప్పన్న కూర్చున్నాడు. బంగారి అతని మొరటు వేలు పట్టుకుంది. వెక్కుతూనే మందు మింగింది. పైడమ్మకి తెలివొచ్చాక నూకాలు గంజి తాగించింది. ఆమె పడుకుంది. కలలో సముద్రం వార్డులోకి వచ్చింది. నూకాలు ఒక్కో అలనీ చీపురుతో వెనక్కి ఊడ్చింది.

మూడు వానాకాలాలు గడిచాయి. బంగారి తలమీద జుట్టు చోడిచేలో లేతనారులా మొలిచింది. కొందరు పిల్లలకి మొలవలేదు. కథైనా అబద్ధమాడకూడదు.

నూకాలు పోయింది. గోడమీద ఆమె పటం లేదు. పటాలు పెద్ద డాక్టర్లకి. పీట మాత్రం ఉంది. ఇప్పటికీ అన్నంవేళ తండ్రులు దానిమీద కూర్చుంటారు. "నూకాలు కూకోమంది, నువ్వు తినిరా," అంటారు పెళ్లాలతో.

ఎవరైనా కొత్త అత్తగారు వచ్చి గ్రహణం మాటెత్తితే, వార్డులోని తల్లులంతా ఒక్క గొంతుతో అడుగుతారు:

"మీ అబ్బాయి ఏటి తిన్నాడమ్మా?"