నూనెగుడ్డలోని ఆకురాయి

ఉదయం ఆరూ నలభైకి గౌస్ ఉస్తాద్ బెంచీ మీద ముక్కల్ని బిగించి పట్టే వైస్ దవడలకు నూనె రాస్తున్నాడు. షట్టర్ సగమే లేచి ఉంది. దాని కింద ముందు ఒక జత నల్లబూట్లు కనిపించాయి, తర్వాత ప్లాస్టిక్ ఫోల్డర్, ఆఖరున వంగిన మనిషి మొహం.

"సలాం ఉస్తాద్."

"బూట్లు గింత మెరుస్తున్నయంటే కరుణాకరే," అన్నాడు ఉస్తాద్, తల ఎత్తకుండా. "రా బేటా. నెత్తి పైలం."

చెప్పేలోపే షట్టర్ అంచు తగిలింది. కరుణాకర్ పద్దెనిమిదో ఏట ఇక్కడ పనికి కుదిరినప్పుడు కూడా మొదటిరోజు అదే అంచు, అదే చోట తగిలింది.

బాలానగర్‌లో ఆ షెడ్డు పెట్టి ముప్పై ఆరేళ్ళు. ఉస్తాద్‌కు డెబ్బై ఒకటి. పాతబడ్డ యంత్రాలను విప్పి, అరిగిన చోట సరిచేసి, మళ్ళీ బిగించి పంపడం అక్కడి పని. ఒకప్పుడు తొమ్మిది మంది ఉండేవారు. ఇప్పుడు ఉస్తాద్ కాక ఒక్క నర్సింగ్. కరుణాకర్‌తో పాటే పని నేర్చుకున్నవాడు, నేర్చుకుని ఎక్కడికీ పోనివాడు.

"మేనేజర్ సాబ్ వచ్చిండు! కుర్చీ తుడువుండ్రి!" అన్నాడు నర్సింగ్, చాయ్ కెటిల్ పట్టుకుని షట్టర్ కింద నుంచి దూరుతూ.

"కుర్చీ ఎక్కడుందిరా ఇక్కడ?"

"గదే నేను ఇరవై ఏండ్ల సంది అడుగుతున్న."

కరుణాకర్ బోర్లించిన నూనె డ్రమ్ము మీద కూర్చున్నాడు. వయసు ముప్పై ఎనిమిది. ఈ షెడ్డులో ఆరేళ్ళు పనిచేస్తూనే సాయంత్రాలు డిప్లొమా చదివాడు. ఇప్పుడు పటాన్‌చెరు వైపు ఒక వాల్వుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్. కింద నూట నలభై మంది. షెడ్డుకు వచ్చి రెండేళ్ళ పైమాటే.

ఎదురుగా గోడకు మూడు మేకులున్నాయి. అవి మారలేదు.

మొదటి మేకుకు కొత్త ఆకురాళ్ళు. అవి ఇత్తడికే. ఇత్తడి మెత్తన; అయినా పళ్ళు పదునుగా ఉంటేనే దాన్ని పట్టుకుంటాయి, లేకపోతే జారతాయి. ఆ పదును కాస్త తగ్గాక రెండో మేకుకు పోతాయి, ఇనుముకు. పూర్తిగా అరిగినవి మూడో మేకుకు. వాటి కొసన పళ్ళు అరగదీసి స్క్రేపర్లు చేస్తారు. ఆకురాయి తీయలేనంత పలచటి ఎత్తును, వెంట్రుకలో సగం మందాన్ని, గీకి తీసే పనిముట్టు స్క్రేపర్. పనివాళ్ళలో అది అందరి చేతికీ ఇవ్వరు.

కరుణాకర్ చేరిన నాలుగో రోజున మొదటి మేకు నుంచి సరికొత్త ఆకురాయి తీసి ఇనపముక్క మీద రుద్దాడు. గంటలో దాని పదును పోయింది. ఉస్తాద్ తిట్టలేదు. దాన్ని తీసుకెళ్ళి రెండో మేకుకు తగిలించాడు. "దీని జవానీ నువ్వు ఒక్క గంటల తిన్నవ్," అన్నాడు. అంతే. ఆ రోజు తను అన్నం తినలేదని కరుణాకర్‌కు ఇప్పటికీ గుర్తు.

"నీదే, చూడు," అన్నాడు నర్సింగ్, గ్లాసు చేతికిచ్చి మూడో మేకు వైపు గడ్డం చూపిస్తూ. అక్కడ వేలాడుతున్న ఆరింటిలో ఒకదాని పిడి మీద 'క' అని కాల్చిన గుర్తు ఉంది. "ఉస్తాద్ పారెయ్యనియ్యడు. నువ్వే ఎన్నడన్న వచ్చి స్క్రేపర్ చేసుకుంటవట."

కరుణాకర్ నవ్వాడు. ఫోల్డర్ విప్పాడు.

లోపల ఒకే కాగితం. మూడు వరుసలు గీసి ఉన్నాయి: వెళ్ళాలి, ఆగాలి, వద్దు. మొత్తం ఇరవై మూడు అంశాలు. ఆ కాగితాన్ని అతని భార్య స్వరూప ముందురోజు చూసి, "ఎటు కావాలంటే అటు తేలేట్టు రాసుకున్నవ్. నన్ను అడగకు. పొద్దుగాల ఉస్తాద్ దగ్గరికి పో," అంది.

"ఎంబీఏ చదువుదామనుకుంటున్న ఉస్తాద్."

"అంటే?"

"మేనేజర్ల చదువు."

"నువ్వు మేనేజర్‌వే గద?"

నర్సింగ్ చాయ్ పొలమారి దగ్గాడు.

"పరీక్ష రాసిన. మంచిగనే వచ్చింది," అన్నాడు కరుణాకర్. "రెండు దారులున్నయ్. ఒకటి బెంగళూరుల, ఏడాది. నౌకరీ ఇడిసిపెట్టి పోవాలె. మస్తు పేరున్న కాలేజ్, ఆ పేరు చెప్తే లేచి నిలబడ్తరు. ఇంకొకటి ఇక్కడనే. రెండేండ్లు, శని ఆదివారాలు. దానికి పేరు లేదు. లేకుంటే ఇంకో మూడేండ్లు ఆగాలె, బిడ్డ పదో తరగతి అయిపోతది. కానీ అప్పటికి నలభై దాటుతయ్. సోమవారం ఆఖరు తారీఖు."

"ఇప్పుడే ఎందుకు యాదికొచ్చింది?"

కరుణాకర్ గ్లాసును కింద పెట్టాడు. "నిఖిల్ అని ఒకడొచ్చిండు ఉస్తాద్. ముప్పై ఒక్క ఏండ్లు. నా మీద పెట్టిండ్రు. వాల్వు తలకిందులు పెట్టి చూపిస్తే గుర్తుపట్టడు. ఆ బెంగళూరు కాలేజ్ నుంచే వచ్చిండు."

"అచ్ఛా."

"మీటింగుల నేను నిలబడి చెప్తుంటే వాడు ఫోన్ చూస్తడు."

"అచ్ఛా. ఇంకా?"

"గంతే."

ఉస్తాద్ వైస్‌ను గుడ్డతో తుడిచాడు. రేడియోలో ఏడు గంటల వార్తలు మొదలయ్యాయి, పొలాలకు నీళ్ళ విడుదల గురించి. ఉస్తాద్ తుడవడం ఆపలేదు. ఆయన ఎదుటివాణ్ణి మాట్లాడించే పద్ధతి అదే. ఆ పద్ధతి తెలిసినవాడి మీద కూడా అది పనిచేస్తుంది.

"ఏడో లైన్ మూసేసిండ్రు ఉస్తాద్," అన్నాడు కరుణాకర్. "పోయిన నెల."

ఏడో లైన్‌లో పన్నెండు మంది ఫిట్టర్లు. చేత్తో పనిచేసేవాళ్ళు. మిగతా లైన్లలో సరిగ్గా మూతపడని వాల్వులన్నీ చడీచప్పుడు లేకుండా వీళ్ళ బెంచీ మీదికి వచ్చేవి. వీళ్ళు వాటిని సరిచేసి పంపేవారు. బయటికి వెళ్ళేటప్పుడు అవి ఆయా లైన్ల పేరు మీదే వెళ్ళేవి. పదకొండేళ్ళుగా జరుగుతున్న పని అది. ఎక్కడా రాసి లేదు.

"తెర మీద బొమ్మ వేసి చూపించిండు నిఖిల్. ఏడో లైన్ ఏం తయారు చేస్తలేదని. నాకు తెలుసు అది తప్పని. నోటితోని చెప్పిన. 'డేటా ఉందా సార్?' అన్నడు. మర్యాదగనే అడిగిండు. నా దగ్గర లేదు. ఎట్ల చూపియ్యాల్నో తెల్వదు. ఇరవై నిమిషాలల్ల అయిపోయింది."

"మనోళ్ళెవరన్న ఉన్నరా పన్నెండు మందిల?"

"ఐలయ్య."

ఐలయ్య ఈ షెడ్డువాడే. కరుణాకరే పిలిచి అక్కడ పెట్టించాడు.

"ఎట్లున్నడు?"

"ఫోన్ ఎత్తుతలేడు ఉస్తాద్. లాకర్ తాళంచెవి నా టేబుల్ మీద పెట్టిపోయిండు. ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు." గ్లాసును పక్కకు జరిపి అన్నాడు, "మార్చిల నాలుగో లైన్ మూసుడు మీద కూసుంటరట. అది కూడ గిట్లాంటిదే."

ఉస్తాద్ గుడ్డను మడిచి బెంచీ కొసన పెట్టాడు. కాగితం వైపు చూడలేదు. లేచి, షెడ్డు మధ్యలో దుంగల మీద పెట్టిన లేత్ బెడ్ దగ్గరికి నడిచాడు. నాలుగడుగుల పోత ఇనుము, యంత్రంలో మిగతావన్నీ జారే దిమ్మ. జీడిమెట్లలో ఒకే ఒక్క లేత్‌తో బతికే చంద్రయ్యది. ముందురోజు దించి వెళ్ళాడు.

"నర్సింగ్, నీలం పెట్టు."

నర్సింగ్ సమతలపు పలకకు నీలం రంగు పలచగా పూసి, బెడ్ మీద బోర్లించి, ముందుకూ వెనక్కూ జరిపి తీశాడు. ఎత్తుగా ఉన్న చోట్ల నీలం చుక్కలు పడ్డాయి. ఆ చుక్కల్నే గీకాలి. ఎక్కువ చుక్కలు లోపలి మూలలో, రెండు అంచులు కలిసే ఇరుకులో ఉన్నాయి. నర్సింగ్ తన స్క్రేపర్ పెట్టి చూశాడు. కొస మూలను చేరకముందే పిడి అంచుకు తగిలింది.

"అందుతలేదు ఉస్తాద్. పొట్టిగున్నది. పధ్నాలుగు ఇంచులది కావాలె."

కరుణాకర్ అలవాటుగా లేచి మూడో మేకు దగ్గరికి వెళ్ళాడు. ఆరూ చూశాడు. తనదీ చూశాడు. ఒక్కటి కూడా పది అంగుళాలు దాటదు.

"ఇయ్యాల దుకాణం బంద్. రేపు తెరవంగనే పెద్ద ఆకురాయి తెస్త," అన్నాడు నర్సింగ్.

ఉస్తాద్ బెంచీ కింది సొరుగు లాగాడు. అడుగు నుంచి నూనెగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు తీశాడు. గుడ్డ విప్పాడు. పధ్నాలుగు అంగుళాల ఆకురాయి, విదేశీది. పిడి దగ్గర తయారీదారు ముద్ర అద్దంలా ఉంది. వెలుగు పడితే పళ్ళు వరసగా, తాకితే వేలు తెగేట్టు మెరిశాయి.

నర్సింగ్ రేడియో కట్టేశాడు.

ఉస్తాద్ గ్రైండర్ స్విచ్చు వేసి, చక్రం పూర్తి వేగం అందుకునేదాకా ఆగాడు.

"ఉస్తాద్! పళ్ళున్నయ్ దానికి!" అన్నాడు కరుణాకర్.

"చూసిన."

"ఒక్కటి కూడ అరగలే. ఇసొంటిది ఇప్పుడు దొరకదు. పేరు చూడుండ్రి."

"బెడ్‌కు చదువు రాదు బేటా."

ఆకురాయి కొస చక్రానికి తగిలింది. నిప్పురవ్వలు ఆయన మోచేతి దాకా వచ్చాయి. మూడు క్షణాలు పట్టి, పక్కన డబ్బాలోని నీళ్ళలో ముంచడం. మళ్ళీ మూడు క్షణాలు, మళ్ళీ నీళ్ళు. వేడికి కొస నీలం తిరిగితే ఉక్కు చచ్చినట్టే. ఆయన చెయ్యి తొందరపడలేదు. రెండు వైపులా పళ్ళు రెండంగుళాల మేర పోయి, ఉక్కు నున్నగా బయటపడింది. నీళ్ళు పదిహేడుసార్లు చుయ్‌మన్నాయి. కరుణాకర్ ఎందుకో లెక్కపెట్టాడు.

తర్వాత నూనెరాయి మీద అంచు తీర్చాడు. దానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఉస్తాద్ కొత్త స్క్రేపర్‌ను కరుణాకర్‌కు అందించాడు.

కరుణాకర్ చొక్కా చేతులు మడిచాడు. మెరిసే బూట్ల కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, పిడిని తుంటికి ఆనించి బెడ్ మీదికి వంగాడు. స్క్రేపర్ పట్టుకుని పధ్నాలుగేళ్ళయింది. మొదటి గీకుడు జారింది. రెండోది కూడా. ఐదోసారికి కొస మూలను చేరి, ఒక నీలం చుక్క లేచి, కనురెప్ప వెంట్రుకంత పొట్టు రాలింది. పోత ఇనుము వాసన వేసింది. ఆ వాసనకు కరుణాకర్‌కు వరసగా అన్నీ గుర్తొచ్చాయి: తొమ్మిది గిన్నెలు ఒకే స్టవ్ మీద వేడిచేసుకోవడం, ఐలయ్య ఊరి నుంచి తెచ్చే చింతకాయ తొక్కు, శుక్రవారం నమాజుకు ఉస్తాద్ వెళ్ళి వచ్చేదాకా యంత్రాలన్నీ ఆగి షెడ్డులో పడే నిశ్శబ్దం.

ఎనిమిదిన్నర దాకా గీకాడు. మూలలో సగం చదునైంది.

చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటుంటే ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"స్క్రేపర్ ఎప్పుడు చేస్తరు?"

ఈ షెడ్డులో మొదటి నెలలోనే కంఠతా వచ్చే జవాబు అది. "ఆకురాయి అరిగినంక ఉస్తాద్."

"కాదు," అన్నాడు ఉస్తాద్. "షెడ్డుకు బెడ్ వచ్చినప్పుడు."

తువ్వాలు అతని చేతికిచ్చి, తన వైస్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కరుణాకర్ ఫోల్డర్ తీసుకుని బయటికి వచ్చి కార్లో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు కాలేజీల దరఖాస్తులు రెండు కిటికీల్లో ఉన్నాయి. బెంగళూరుది పూర్తిగా నింపి ఉంది. 'ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారు?' అన్న చోట నాయకత్వం గురించి మూడు వందల మాటలున్నాయి. అందులో తను రాసినవి నలభై, మిగతావి ఇంటర్నెట్‌వి. ఆ కిటికీ మూసేశాడు.

శని ఆదివారాల కోర్సు దరఖాస్తులో అదే ప్రశ్న ఖాళీగా ఉంది. అక్కడ రాయడం మొదలుపెట్టాడు. 'మా ఫ్యాక్టరీలో ఏడో లైన్ అని ఒకటి ఉండేది. అది ఏం పని చేసేదో కాగితం మీద చూపించడం నాకు చేతకాలేదు. మార్చిలో నాలుగో లైన్ వంతు వస్తుంది.' మళ్ళీ చదువుకున్నాడు. ఇంకేమీ కలపలేదు. తొమ్మిదీ ఐదుకు పంపేశాడు. తర్వాత ఐలయ్య నంబరు నొక్కాడు. ఎత్తలేదు. ఇల్లు నాగారంలో అని తెలుసు. కారు ఆ దారి పట్టించాడు.

పదకొండు రోజుల తర్వాత నర్సింగ్ ఫోన్ చేశాడు. చంద్రయ్య బెడ్ బిగించి పంపించామని, లేత్ బాగా తిరుగుతోందని చెప్పాడు. ఆ తర్వాత, అడగకుండానే, ఇంకొకటి చెప్పాడు.

ఆ ఆకురాయి ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ ఇచ్చింది. ఈ షెడ్డు షట్టర్ మొదటిసారి ఎత్తిన రోజున చేతిలో పెట్టాడట. ముప్పై ఆరేళ్ళలో ఉస్తాద్ దానితో ఒక్క ముక్క కూడా రుద్దలేదు. ఏడాదికోసారి, ఆ రోజున, విప్పి నూనె రాసి మళ్ళీ చుట్టేవాడు. స్క్రేపర్ ఇప్పుడు మిగతా వాటితో పాటు బెంచీ మీదే పడి ఉంటోంది. గుడ్డ మాత్రం సొరుగులోనే ఉంది. ఖాళీగా, మళ్ళీ మడిచి.