ఈత వచ్చినవాడు

హిమజని ఇంటికి పంపేయొచ్చని నిరంజన్ తేల్చుకున్నాడు. పిల్లల్లో గుండె లయ తప్పే జబ్బుల గురించి నేర్చుకోవడానికి విశాఖలో డాక్టర్ వకుళాదేవి దగ్గర చేరాడతను. ఈసీజీ చదవడంలో అతనికి సాటి లేరని తోటి డాక్టర్లు అనేవారు. అతనూ కాదనేవాడు కాదు.

హిమజ భీమిలి దగ్గర చేపలు పట్టే పల్లెకారుల పిల్ల. బడిలో పరుగెడుతూ స్పృహతప్పి పడిపోయింది. అంతకుముందు కూడా అలాగే పడిపోతే ఎవరో ఫిట్స్ అని మందులిచ్చారు. నిరంజన్ ఈసీజీ తీశాడు, స్కానింగ్ చేయించాడు. ఏ లోపమూ కనబడలేదు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని తల్లి పైడితల్లిని అడిగితే లేదంది.

"గుండెది కాదు మేడమ్. పంపించేద్దాం," అన్నాడు.

వకుళాదేవి ఈసీజీ చూసి పక్కన పెట్టారు. సంచి సర్దుకుంటున్న పైడితల్లి పక్కన మంచం మీద కూర్చున్నారు.

"మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా అమ్మా?"

పైడితల్లి చేతులు ఆగిపోయాయి. తమ్ముడు ఎర్రయ్య పోయాడంది. మీసాలు కూడా రాని వయసు. ఒడ్డుకి దగ్గర్లోనే సముద్రంలో మునిగిపోయాడు. ఆ రోజు పెద్ద అలలు కూడా లేవట.

"ఈత రాదా?"

"మాలో ఈత రానోడు ఎవుడున్నాడమ్మా?" అంటూ సంచి పక్కకి నెట్టింది. "తెప్ప కాడికెళ్లి వల తెమ్మని నేనే పంపినాను. మాయమ్మ సచ్చేదాకా నాతో మాటాడలేదు."

వకుళాదేవి ఆమెని ఆ మంచం మీదే పడుకోబెట్టి, తీగలు తానే అంటించారు. జబ్బు చేసింది ఈవిడకి కాదు కదా అనబోయి నిరంజన్ ఊరుకున్నాడు.

మిషన్లోంచి కాగితం వచ్చింది. చూస్తూనే అతను దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కొట్టుకున్న ప్రతిసారీ పైడితల్లి గుండె తిరిగి కుదురుకోవడానికి పట్టాల్సిన దానికన్నా చాలాసేపు పడుతోంది. ఆ సందులో ఎప్పుడైనా లయ చెదరొచ్చు. ప్రాణమే పోవచ్చు.

అప్పుడు హిమజని ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. షాకిచ్చే మిషన్ పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారు. నడిచినంతసేపూ ఏమీ లేదు. ఆపి అలుపు తీర్చుకుంటుండగా ఈసీజీ తెరమీద గీత మామూలు కన్నా పొడుగ్గా సాగడం మొదలైంది. తల్లి కాగితంలో ఉన్న గీతే. పిల్ల మంచినీళ్లు అడిగింది. గీత మామూలుగా అయ్యేదాకా నిరంజన్ షాకిచ్చే మిషన్ పక్కనుంచి కదల్లేదు.

ఇది వంశంలో వచ్చే జబ్బని అతనే తల్లికి చెప్పాడు. ఇద్దరూ రోజూ మాత్రలు వేసుకోవాలి, పిల్ల పరుగుపందేలకి వెళ్లకూడదు, ఈతకి దిగకూడదు. ఆమె అన్నీ వింది. చివరికి వకుళాదేవి వైపు తిరిగింది.

"అయితే మా తమ్ముడు మునిగిపోలేదా అమ్మా?"

"గుండే ముందు ఆగి ఉంటుంది. ఇంట్లో కూర్చున్నా ఏదో ఒకరోజు ఆగేదేమో. మీరు పంపినందుకు కాదు."

పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

చెప్పాల్సినవి నిరంజన్‌కి ఇంకా చాలా ఉన్నాయి. మిగతా పిల్లల్ని తీసుకురావాలి, అక్కచెల్లెళ్లకి చెప్పాలి, వాడకూడని మందులున్నాయి. అతను ఆమె ముందుకి కుర్చీ లాక్కున్నాడు.

వకుళాదేవి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఉండు. ఆమె తమ్ముడు ఇప్పుడే పోయాడు."