తప్పులేని తాతగారు

కోట పోగొట్టుకున్న తన తాతగారి మీద సిరికోట రాజుగారు నాటకం ఆడించారు. షరతు ఒక్కటే. తాతగారిలో ఏ తప్పూ కనబడకూడదు, జనం మాత్రం వెక్కివెక్కి ఏడవాలి.

నాటకం అయ్యేసరికి ఒక్కరి కన్నూ తడవలేదు. రాజుగారి వెనకే కూర్చున్న కరణం ఆవులించాడు కూడా. రాజుగారు మండిపడి, "ఈ మేళాన్ని పొలిమేర దాటించండి!" అన్నారు.

తెర ఒక కొస పట్టుకుని నిలబడే పోలయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు. "వెళ్లిపోతాం ప్రభూ. ఒక్క సందేహం. ఏ తప్పూ చెయ్యని మహారాజు కోట ఎలా పోయింది?"

"ఎలా ఏమిట్రా! తమ్ముడు శత్రువులతో కలిశాడని మంత్రి కాళ్లు పట్టుకుని చెప్పాడు. తాతగారు వింటేగా! 'నేను ఎత్తుకుని పెంచినవాడు నాకు ద్రోహం చేస్తాడా?' అని కోట తలుపు తన చేత్తోనే తీశారు. ఎదురుగా కత్తి దూసి తమ్ముడే..."

"ఒక్కసారి వెనక్కి చూడండి ప్రభూ. తెర పట్టేవాణ్ని, నాకు జనం మొహాలే కనిపిస్తాయి."

ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. కరణం వెక్కుతున్నాడు.

"మేం చూపించింది విగ్రహాన్ని. మీ తాతగారు ఇప్పుడే వచ్చారు."

మర్నాడు నాటకం మళ్లీ ఆడారు, తాతగారి తప్పుతో సహా. తెర రెండో కొస రాజుగారే పట్టుకున్నారు. తలుపు తీసే ఘట్టం అయిపోయింది, అడ్డం పెట్టిన తెర చాటుకు జరిగిన రాజుగారు మాత్రం కదల్లేదు.

"తెర తియ్యాలి ప్రభూ, వేషగాళ్లు కాచుకున్నారు," అన్నాడు పోలయ్య మెల్లగా.

"ఆగరా. జనం మొహాలు నువ్వు చూడు, నా మొహం వాళ్లు చూడకూడదు."