మూత మీద బతుకమ్మ

బతుకమ్మ పండుగ మొదటిరోజు, సాయంత్రం అయిదు గంటలు. వాన అప్పుడే తెరిపిచ్చింది. గురువమ్మ ఇంటి అరుగు మీద తంగేడుపూలు విడదీస్తూ సులోచన అడిగింది: "కోపం విడువుమంటరు గద గురువమ్మా. మరి ఏ బలం లేనోళ్ళు ఎట్ల కొట్లాడాలె?"

గురువమ్మ అసలు పేరు మాణిక్యమ్మ, ఆ గల్లీకి తత్వాలు చెప్పే గురువు. వాదం పెట్టుకునే మనిషి కాదు. "ముందుగాల బతుకమ్మ పేర్వు," అన్నది.

పదిరోజుల కింద, ట్యూషన్ నుంచి వస్తున్న సులోచన బిడ్డ మేఘన, గల్లీ నడుమ మూతలేని డ్రైనేజీ గుంతలో జారింది. పాలాయన బ్యాగు పట్టి పైకి గుంజాడు. ఆనాటి నుంచి సులోచన ఆ గుంత మూత కోసం తిరుగుతున్నది. వార్డు ఆఫీసులో మూడుసార్లు దరఖాస్తు ఇచ్చింది. మూడుసార్లూ ఫోనుకు మెసేజి వచ్చింది, సమస్య పరిష్కరించబడిందని. గుంత మాత్రం అట్లాగే నోరు తెరుచుకుని ఉన్నది.

అదెట్లాగో ఆ సాయంత్రమే, బతుకమ్మ పేర్చడం అయ్యేవేళకు తెలిసింది. ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. మున్సిపాలిటీ జవాను సుదర్శన్ సిమెంటు మూత దింపించి గుంత మీద పెట్టించాడు. నాలుగడుగులు వెనక్కి పోయి ఫోటో తీసుకున్నాడు. మళ్ళీ ఎత్తమన్నాడు.

సులోచన అడ్డం పోతే, దాపరికం లేకుండానే చెప్పాడు. ఊరంతటికీ మూతలు నాలుగే ఉన్నాయి. ఫోటో పడితే ఫిర్యాదు ముగిసినట్టే, మూత ఇంకో గల్లీకి పోతుంది. పండుగ ఆఖరిరోజు, సద్దుల బతుకమ్మ నాడు చౌరస్తాలో మున్సిపాలిటీ పండుగ. కమిషనర్ వస్తాడు కాబట్టి ఆనాటికి నాలుగూ అక్కడే ఉండాలి.

సులోచన వెనక్కి తిరిగింది. అరుగు దగ్గరికి పోయి, పళ్ళెంలో పేర్చిన బతుకమ్మను తెచ్చి మూత మీద పెట్టింది.

"అక్కా, జెర తియ్యే. పది నిమిషాల పని," అన్నాడు సుదర్శన్.

"నువ్వే తియ్యి బిడ్డా," అన్నది గురువమ్మ అరుగు మీదనుంచే.

అతను చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి దించిన బతుకమ్మను, ఆడి పాడి చెరువుకు సాగనంపేదాకా ఎవరూ కదపరు. అతని తల్లి కూడా అదే పొద్దుకు తన ఇంట్లో పేరుస్తూ ఉంటుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరి చప్పట్లు అందుకున్నారు. ఆటో ఖాళీగా పోయింది.

చెరువుకు పోయే ముందు ఆ చోట్లో ఇంకో చిన్న బతుకమ్మ దిగింది. మర్నాడు అది లేవకముందే మరొకటి. పక్క గల్లీ గుంతలో ఎవరన్నా పడితే ఆ ఉసురు తనకు తగులుతుందని సుదర్శన్ బతిమాలాడు. అక్కడ మూత దించగానే కబురు చెయ్యమన్నది సులోచన, పూలు తామే పంపుతామన్నది. మూడోనాటికి తక్కిన మూడు మూతలూ ఫోటో కోసం దిగిన చోటనే, పూలకింద ఉండిపోయాయి.

ఆరోనాడు బతుకమ్మ అలుగుతుంది. ఆనాడు ఎవరూ పేర్చరు. ఆ సంగతి లెక్కేసుకునే, సాయంత్రం తుంపరలో సుదర్శన్ ఆటో తెచ్చాడు. మూత మీద పూలు లేవు. సులోచన కూర్చుని ఉన్నది.

"ఇయ్యాల పేర్వరు గదక్కా."

"పేర్వరు. ఇయ్యాల అలిగింది నేను."

ఆటో డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. సుదర్శన్ ఆఫీసుకు ఫోను చేశాడు. అవతలి తిట్లు గల్లీ అంతా విన్నది. సులోచన చెయ్యి చాచి ఫోను తీసుకున్నది.

"సార్, పండుగకు కొత్తయి కొనుండ్రి. ఇది ఈడనే ఉంటది. ఫోటో గావాలంటే నన్ను గూడ కలిపి తియ్యమనుండ్రి."

ఫోను తిరిగి సుదర్శన్ చేతికిచ్చింది. మూతను వదిలేసి రమ్మని అవతలివాళ్ళు జవానుకు చెప్పారు.

అప్పుడే ట్యూషన్ వదిలారు. సులోచన లేచి పక్కకు నిలబడింది. పిల్లలు మూత మీదనుంచి దుముకుతూ పోతుంటే వేలు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. కవలలిద్దరూ కలిసి వచ్చారు. చివరికి మేఘన.

"ఆరుగురు," అన్నది. కొంగుతో ముఖం తుడుచుకున్నది.

డ్యూటీ దిగే వేళయింది. సుదర్శన్ ఆటోను పంపేసి, తలవంచుకుని, ఆ మూత మీదనుంచే నడిచి తన ఇంటి దారి పట్టాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి, అరుగు మీదనుంచి గురువమ్మ అన్నది:

"ఏడుగురు."