ఇసుక పీత మింగిన తెల్ల గుడ్లు

ఒకప్పుడు ఇసుక పీతలకు ఉండలు చుట్టడం రాదు. ఇప్పుడు సముద్రం ఒడ్డుకు వెళితే చూడండి, వాటి బొరియల చుట్టూ మిరియాలంత ఇసుక ఉండలు పరిచి ఉంటాయి. అప్పట్లో ఒక్కటీ ఉండేది కాదు.

ఇసుకలో పీతకు తిండేముంటుంది అంటారా? మంచి ప్రశ్న. ఇసుకకు కంటికి ఆనని నాచు అంటుకుని ఉంటుంది. మనం మామిడి టెంక చీకి పారేసినట్టు, పీత నాచు చప్పరించి ఇసుక ఊసేస్తుంది.

ఆ ఒడ్డున బుల్లెమ్మ అనే పీత ఉండేది. దానికి అన్నీ తొందరే. ఇసుక నోట్లో కుక్కుకునేది, తుపుక్కుమని ఎటు పడితే అటు ఊసేది. పక్క బొరియలో దాని అత్త.

"నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి చూడవే," అనేది అత్త.

"చూస్తే కడుపు నిండుతుందా అత్తా?" అనేది బుల్లెమ్మ.

ఆ ఒడ్డునే చేపలమ్మే మసేనమ్మ ఉండేది. తాటాకు బుట్ట పాతబడితే ఇసుక మీదే వదిలేసేది. ఎండ, వాన, చెదలు కలిసి నాలుగు నెలల్లో దాన్ని మట్టి చేసేవి. ఒకసారి ఆమె ఐసులో చేపలు పెట్టుకోవడానికి థర్మాకోల్ పెట్టె కొనుక్కుంది. దాని మూల విరగ్గానే, బుట్టను వదిలినట్టే దాన్నీ వదిలేసింది.

"నువ్వే మట్టిలో కలిసిపోతావులే," అంది పాపం, అలవాటు కొద్దీ.

అత్త పీత కళ్ళు నిక్కించి పెట్టె చుట్టూ తిరిగింది. "ఎవరు నువ్వు? చెక్కవా, గవ్వవా?"

"థర్మాకోల్‌ని. మునగను, నానను, కుళ్ళను."

"మరి పోయేదెప్పుడు?"

"పోవడమా? అదెలాగో నాకెవరూ నేర్పలేదే!"

అలలు నాలుగు రోజులు దాన్ని బాదాయి. పెట్టె పోలేదు. తునాతునకలై వేల తెల్ల పూసలైంది. ఒక్కో పూసా "మునగను, మునగను" అంటూ ఇసుకలో కలిసింది.

"అత్తా, చేప గుడ్లు!" అని అరిచింది బుల్లెమ్మ. "వాసన చూడు, అచ్చం చేపే!"

"చూసి తినవే!" అనేలోగా బుల్లెమ్మ కడుపు నిండా మింగేసింది.

ఇంతలో పోటు మొదలైంది. నీళ్ళు పైకి వస్తున్నాయి. పీతలన్నీ బొరియల్లో దూరి ఇసుక మూతలు వేసుకున్నాయి. బుల్లెమ్మా దూరింది. బుడుంగున పైకి తేలింది. మళ్ళీ దూరింది, మళ్ళీ తేలింది, వలకు కట్టిన బెండులా.

పైనుంచి కాకి చూసింది. "ఏమ్మా, ఈత నేర్చుకుంటున్నావా?"

"అత్తా! లాగు, నన్ను లోపలికి లాగు!"

అత్త ఒక కాలు పట్టుకుని లాగింది. పట్టు జారింది. కాకి వాలి, బుల్లెమ్మను ముక్కున కరుచుకుని ఎగిరింది. భయానికి బుల్లెమ్మకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఒక్కో ఎక్కిలికి గుప్పెడు పూసలు! అన్నీ కాకి నోట్లోకే.

"థూ! ఉప్పూ లేదు, కండా లేదు! ఇది పీతా, పరుపా?" అని కాకి ఊసేసింది.

బుల్లెమ్మ సరిగ్గా బొరియ పక్కన పడింది. కడుపు ఖాళీ. ఈసారి తేలకుండా చక్కగా లోపలికి దిగింది.

నీళ్ళు తగ్గాక అత్త అంది: "ఇకమీదట ప్రతి ముద్దా చూసి చప్పరించు. చప్పరించిన ఇసుకను ఉండ చుట్టి పక్కన పెట్టు. ఉండ అంటే చూసిన ఇసుక. మిగతాది చూడని ఇసుక."

బడిలో నేను దిద్దాక మీ నోటుపుస్తకంలో టిక్కు పెడతాను కదా, అలాగన్నమాట.

"ఒడ్డంతానా అత్తా?"

"ఒడ్డంతా!"

బుల్లెమ్మ కాళ్ళు నొప్పులు పుట్టేలా ఉండలు చుట్టింది. అంతలో అల వచ్చి మొత్తం చెరిపేసింది.

"సముద్రం మామా! నా ఉండలు!"

"ఏం చేయను తల్లీ," అంది సముద్రం. "కరిగేవాటిని కలిపేసుకుంటాను. ఆ తెల్లవి మాత్రం ఎంత నమిలినా అరగవు. మళ్ళీ నీ ఒడ్డునే పెట్టాను. చూసుకుని తిను."

అప్పటినుంచే ఇసుక పీత, నీళ్ళు వెనక్కి తగ్గగానే బయటికొచ్చి, ముద్ద ముద్దా చూసుకుంటూ ఉండలు చుడుతుంది. సముద్రం పలక తుడిచినట్టు తుడిచేస్తుంది. పీత మళ్ళీ మొదటికొస్తుంది. మీరు వెళ్ళినప్పుడు ఒక ఉండను వేలితో నొక్కి చూడండి. పొడి అయితే అది పీత చుట్టింది. పొడి కాకుండా, తెల్లగా గాలికి ఎగిరిందనుకోండి, అది మనం చేసింది. పరిగెత్తి పట్టుకుని జేబులో వేసుకు రండి.